ఒక అక్షరం ఎక్కువైంది

మొన్న ఒక బట్టల కొట్టువాళ్ళు నా ఫోనుకు మెసేజి పంపారు. చదవడం మొదలుపెట్టాను. ముందు నన్ను ప్రియమైన కస్టమర్ అన్నారు. తర్వాత తమ కొట్టు ఎన్ని తరాలుగా నడుస్తోందో చెప్పారు. ఆ తర్వాత మూడు టపాకాయల బొమ్మలు, చీర కట్టిన బొమ్మలు రెండు, ఒక దణ్ణం. వేలితో పైకి తోస్తూ పోతున్నాను గానీ అసలు సంగతి రావడం లేదు. కొండంత రాగం తీసి గోరంత పాట పాడినట్టు, చిట్టచివర తేలిందేమిటంటే, ఆ తగ్గింపు ధరలు ఆదివారంతో సరి అని. నేను చదువుతున్నది మంగళవారం.

నాకు కోపం రాలేదు. మైకత్త గుర్తొచ్చింది. ఆమే ఉండి ఉంటే ఫోను నా చేతిలోంచి లాక్కుని ఒక్క చూపు చూసి, "ఏమిరా క్యాసెట్టు, ఇంత నీళము దేనికి? దీన్ని చదివేదానికి సద్ది కట్టుకోని కూచోవాలనా?" అని ఉండేది. నీళమంటే మా వైపు పొడవు. ఆ మాట ఆమె నోట తిట్టుతో సమానం.

మైకత్త నాకు మేనత్త కాదు. తమిళనాడులోని కోవిల్పట్టిలో, మా తెలుగు ఇళ్ళలో, వరస తెలియని పెద్ద ఆడమనిషి ఎవరైనా అత్తే. ఆమె అసలు పేరు రేషన్ కార్డులోనూ, విరుదునగర్లో ఉన్న చెల్లెలి నోట్లోనూ తప్ప ఎక్కడా వినపడేది కాదు. నేనూ చెప్పను. చెప్పినా ఎవరికీ తెలియదు. గొంతు వినిపిస్తే మాత్రం పుదూరు నుంచి విరుదునగర్ దాకా, కాస్త వయసు మళ్ళినవాళ్ళంతా తలెత్తి చూస్తారు.

తొంభైలలో కోవిల్పట్టి బజారులో నాకు క్యాసెట్లు రికార్డు చేసే కొట్టు ఉండేది. పాటలతో పాటు ప్రకటనలు కూడా చేసేవాణ్ణి. చెప్పుల కొట్టు తెరిచినా, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు పనికి కావాలన్నా, ఆటో మీద రెండు హారన్లు కట్టి ఊరూరా తిప్పేవాళ్ళు. ఆ హారన్లలోంచి వచ్చే గొంతు అత్తది. నా కొట్టు వెనక గదిలో గోడలకు గోనెపట్టాలు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, ఆమెను కూర్చోబెట్టేవాణ్ణి. చెమటలు కారుతున్నా పట్టించుకునేది కాదు. కొంగు ముడిలోంచి తాటి కలకండ ముక్క తీసి బుగ్గన పెట్టుకుని, ఎడమ అరచెయ్యి చెవి వెనక ఆనించుకుని మొదలుపెట్టేది, అవతల గట్టునుంచి ఎవరో జవాబు చెప్తున్నట్టు.

ఆమెకు ఒక కొలత ఉండేది. వాకిలి కొలత అనేది దాన్ని. ఆటో ఎవరి కోసమూ నిలవదు, వాకిట్లో నిలబడిన మనిషికి ఆటో తన ఇల్లు దాటేలోపు ఎంత వినపడుతుందో అంతే మనది, మిగతాది పక్కింటివాళ్ళది అని ఆమె లెక్క. పక్కింటివాళ్ళకు తల వినపడదు, మనకు తోక వినపడదు. కాబట్టి ఏ ప్రకటనయినా ఒక వాకిలి దాటేలోపు పూర్తి కావాలి.

ఎవరైనా పేజీ నిండా రాసుకొచ్చారంటే నాకు పండగ. అత్త వాళ్ళతో వాదించేది కాదు. ఆ పెద్దమనిషిని కొట్టు గుమ్మంలో నిలబెట్టి, తాను కాగితం పట్టుకుని పక్క టీకొట్టు దగ్గరనుంచి చదువుతూ నడిచి వచ్చి, అతని ముందునుంచే వెళ్ళి, అవతలి మందుల షాపు దాటేదాకా ఆగకుండా చదివేది. తిరిగొచ్చి, ఏమి వినపడిందో చెప్పండి అని అరవంలో మర్యాదగా అడిగేది. ఒకసారి ఒక పాత్రల కొట్టాయన బుర్ర గోక్కుని, తాను స్వయంగా రాసుకొచ్చిన దాంట్లోంచి నాలుగు మాటలు అప్పజెప్పాడు. ఆ నాలుగే రికార్డు చేద్దాం, మిగతావి ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకోండి అన్నది అత్త. ఆయన అలిగి వెళ్ళిపోయి, సాయంత్రానికి మళ్ళీ వచ్చాడు.

తర్వాత గొంతు పోయింది. ఒక్కరోజులో పోలేదు. ముందు కీచుమన్నది, తర్వాత మధ్యమధ్య ఎగిరిపోయేది. మదురైలో ఆపరేషను చేశాక గుసగుస ఒక్కటే మిగిలింది. చావింటికి వచ్చినట్టు జనం వచ్చి పలకరించి పోయేవాళ్ళు. నేనూ అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళి, ఏం మాట్లాడాలో తెలియక, పళ్ళు చక్కగా మాగాయని రెండుసార్లు చెప్పి వచ్చాను. ఆమె నాకు మాట్లాడే పని తప్పించడానికి కాబోలు, వెంటనే ఒక పండు ఒలిచి తిన్నది.

ఆమె గొంతు వెనకే నా క్యాసెట్లూ పోయాయి. సెల్‌ఫోన్లు వచ్చాయి. నేను ఒక కంప్యూటరు కొని, చెన్నైలో ఒక కంపెనీతో మాట్లాడుకుని, కొట్లవాళ్ళ తరఫున ఒకేసారి వందల ఫోన్లకు మెసేజీలు పంపే పని పెట్టాను. అప్పట్లో చాలా ఫోన్లలో అరవం కనపడేది కాదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే అరవం రాసేవాళ్ళం. పంపినవాళ్ళ పేరు పైన దానంతటదే వస్తుంది, మెసేజికి నూట అరవై అక్షరాలు. ఒక్కటి ఎక్కువైతే రెండు మెసేజీల కింద లెక్క. మొదట్లో రాతపని నేనే చేశాను. ఎలా రాశానంటే, మా బావమరిదే నా మెసేజీలు రాకుండా చేసే మార్గం ఏదైనా ఉందా అని నన్నే అడిగాడు.

ఒకరోజు అత్త కొట్టుకు వచ్చి స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. తెర మీద తగ్గుతూ పోతున్న అంకె ఏమిటని సైగ చేసింది. నూట అరవై సంగతి చెప్పాను. కాసేపు వేళ్ళు మడిచి విప్పి, గుసగుసగా అన్నది: "అంటే ఒక వాకిలి."

అంతే. మర్నాటి నుంచి ఆమె రాసేది, నేను కంప్యూటరులో కొట్టేవాణ్ణి. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. మా వైపు ఎవరికీ రావు. తెలుగు ఇంట్లో మాట్లాడుకునేది, బడీ బజారూ అరవానివి. నేను ఇప్పుడు ఇలా రాస్తున్నానంటే ఆ తర్వాత తిరుపతిలో పదేళ్ళు బతికిన పుణ్యం. అత్త తన చిత్తు పుస్తకంలో అరవమైనా తెలుగైనా అరవ అక్షరాల్లోనే రాసుకునేది. రాసేటప్పుడు కూడా ఎడమ చెయ్యి చెవి వెనకే ఉండేది. పెదాలు కదిలేవి. చుట్టూ ఎవరూ లేరనుకుంటే, కూర్చున్నచోటే ఎడమనుంచి కుడికి ఒరిగేది, ఆటో వెళ్తున్నట్టు.

ఆమెకు గిట్టని మాటలు కొన్ని ఉండేవి. 'అరుదైన అవకాశం' అని ఎవరైనా రాయమంటే, మళ్ళీ ఆదివారం రాదా ఏం అనేది. 'త్వరపడండి' అంటే, వాళ్ళు పొలంలో ఉన్నారు, ఎక్కడికి త్వరపడతారు అనేది. ఒక పరోటా హోటలాయనకు ఆమె రాసిచ్చింది రెండే ముక్కలు: వాన పడుతోంది, పరోటా వేడిగా ఉంది. ఆయనకు ఎంతో నచ్చింది. ఇప్పుడే పంపమన్నాడు. అబద్ధం పంపకూడదు, వాన పడనివ్వండి అన్నది అత్త. కోవిల్పట్టిలో వాన కోసం ఎదురుచూడటమంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఆ హోటలాయన అవస్థ అర్థమవుతుంది. రోజూ పొద్దున వచ్చి ఆకాశం వంకా మా వంకా చూసి పోయేవాడు. రెండు నెలలకు కురిసింది. కురిసీ కురవగానే కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి వాన వెలిసింది. ఆయన్ని చూసి అత్త నవ్విన నవ్వుకు శబ్దం లేదు గానీ, స్టూలు మాత్రం కిర్రుమంటూనే ఉంది.

ఇక చెప్పకుండా దాటవేయలేని సంగతి ఒకటి ఉంది.

విరుదునగర్లో ఒక నూనెమిల్లు ఆసామి, నువ్వుల కోతలయ్యాక మా కొట్టుకు వచ్చాడు. అరవ మనిషి, మంచివాడే, కాస్త తొందర. పుదూరు వైపు రైతుల ఫోను నంబర్లు సంపాదించుకుని వచ్చాడు. ఫలానా రోజు మిల్లుకు నువ్వులు తెమ్మని మెసేజి పంపాలి. జనం బాగా వస్తే తన మిల్లు పనంతా ఇకమీదట మాకే అన్నాడు. అప్పటికి నా కొట్టు మూసేసి తూత్తుకుడి పోయి హార్బరులో ఏదైనా పని వెతుక్కోవాలా అని నేను ఆలోచిస్తున్న రోజులు. అత్తకయితే ఈ పని ఇంకా పెద్దది. గొంతు పోయాక కూడా తన మాట జనాన్ని కదిలిస్తుందా లేదా అన్నది ఆమెకు అక్కడ తేలాలి.

జాబితాలో ఉన్న ఊళ్ళు చూసి ఆమె, ఇది తెలుగులో పోవాలి అన్నది. ఆ ఊళ్ళలో చాలా ఇళ్ళు మా తెలుగువాళ్ళవే. నేను నవ్వాను. మన మాటను ఎవరైనా రాస్తారా అత్తా, ఎవరైనా చదువుతారా అన్నాను. ఆమె చెప్పింది ఇదీ: ఫోను కొడుకు చేతిలో ఉంటుంది, నువ్వులు అమ్మ కుండలో ఉంటాయి. కొడుకు చదివి వినిపిస్తేనే అమ్మ కదులుతుంది. "ఇంట్లోకి పొయ్యే మాట ఇంటి మాటగా పోవాల," అన్నది. మిల్లాసామి సందేహించాడు. తెలుగే జనాన్ని తీసుకొస్తుంది, జవాబుదారీ నాది అని గుసగుస గొంతుతోనే ఆయనకు నచ్చజెప్పింది.

మూడు రోజులు ఆ స్టూలు మీద ఒరిగి ఒరిగి రాసింది. చివరికి నా చేతికిచ్చింది ఇది: "మంచి నువ్వులు ఉంటే మిల్లుకు తేండి. తూకం మీ కండ్ల ముందర. శుక్రవారం పొద్దున్నే రండి, మద్యానం లోపల ఇంటికి పోవచ్చు. నీడ ఉండాది, నీళ్ళు ఉండాయి. ఆడోళ్ళూ రావచ్చు."

పంపాల్సిన రోజు ఆమె గొంతు చూపించుకోవడానికి మదురై వెళ్ళింది. నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. నూట అరవై ఒకటి వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను. నూట అరవై ఒకటే. ఒక చుక్క తీసేసినా సరిపోయేది, రెండు మాటలు కలిపేసినా సరిపోయేది. అతితెలివి ఉన్నవాడికి అలాంటి చిన్న ఉపాయాలు తోచవు. మొదటి మాట మీద నా కన్ను పడింది. 'మంచి' అని ఇంగ్లీషులో రాస్తే ఆరక్షరాలు. అరవంలో మంచిని 'నల్ల' అంటారు, అది అయిదే. నువ్వుల నూనెనే అరవంలో నల్లెణ్ణె, అంటే మంచి నూనె అంటారు. మిల్లాసామి కూడా నోటితో నల్ల ఎళ్ళు, అంటే మంచి నువ్వులు, కావాలనే చెప్పాడు. మా ఇళ్ళలో సగం మాటలు అరవమే గదా, ఇదొక్కటి ఎక్కువైతే ఏమవుతుంది అనుకుని మార్చేసి, పంపేసి, టీ తాగడానికి వెళ్ళాను.

ఆ శుక్రవారం పొద్దున్నే విరుదునగర్ వెళ్ళాను. అత్త అప్పటికే వచ్చి మిల్లు ఆవరణలో నీడన కూర్చుని ఉంది. చీర మార్చింది, తల్లో పువ్వులు పెట్టుకుంది. జనం వచ్చారు, ఆడవాళ్ళు కూడా వచ్చారు. కానీ ఆసామి ఆశించిన దాంట్లో మూడోవంతు కూడా లేరు. వచ్చినవాళ్ళు విప్పిన ప్రతి మూటలోనూ నల్ల నువ్వులే.

ఆసామి ఒక ముసలమ్మ మూట ముందు నిలబడి, మీ ఊళ్ళో తెల్లవి పండవా, ఎర్రవి పండవా అని అరవంలో అడుగుతున్నాడు. పండుతాయంది ఆమె. మరి తేలేదేం? మీరు అడగలేదు గదా. నేను నల్ల ఎళ్ళు తెమ్మన్నాను గదా. అవును సామీ, చూడండి ఎంత నల్లగా ఉన్నాయో అని ఆమె దోసిట్లో ఎత్తి చూపించింది. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు, ఇద్దరికీ అర్థం కావడం లేదు. చివరికి ఆమె ఓపిక నశించి అత్త వైపు తిరిగి తెలుగులో చెప్పుకుంది: "నల్లవి అడిగినారు, నల్లవే తెచ్చినాము. తెల్లవి ఇంట్లో నాలుగు మూటలు ఉండాయి. అవి వద్దనే గదా మెసేజి."

అత్త ఆమె మనవడి చేతిలోని ఫోను అందుకుంది. చదివింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయిందని నాకు తెలిసింది, కళ్ళు ముందుకు కదల్లేదు. తర్వాత తలెత్తి నా వంక చూసింది. నా చేతిలో టీ గ్లాసు ఉంది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను.

ఆసామికి ఎవరో విడమరిచి చెప్పారు, తెలుగులో నల్ల అంటే నలుపు, అరవంలో కరుప్పు అని. ఆయన మొహం మాడిపోయింది. ఇది రాసిందెవరు అని మా ఇద్దరి ముందూ నిలబడి అడిగాడు. తేలు కుట్టిన దొంగలా నేను నోరు మూసుకున్నాను. అత్త లేచి నిలబడింది. ఉన్న కాస్త గొంతూ కూడదీసుకుని, ఆ మాట నాదే అని అరవంలో చెప్పింది. మదురై డాక్టరు గట్టిగా మాట్లాడొద్దని చెప్పి నాలుగు రోజులు కాలేదు.

ఆయన ఏమన్నాడో మొత్తం రాయను. ఇంటి భాష సరిగా రానివాళ్ళు ఇంటి భాషలో రాయకూడదు అన్నది మాత్రం నాకు ఇప్పటికీ వినపడుతుంది.

ఆయన అటు వెళ్ళాక ఆ ముసలమ్మ మనవడి దగ్గర ఫోను తీసుకుని కొంగుతో తుడిచింది. దీన్ని చెరపొద్దని వాడికి గట్టిగా చెప్పింది. ఆమెకు చదువు రాదు, వాడు చదివితే విన్నది. "ఎవరు రాసినారో గానీ, మా ఇంట్లో మాట మాదిరే ఉండాది. మన మాట ఇట్ల దేంట్లోనైనా రావడం నా పుట్టుకలో ఇదే," అని అత్తతోనే అన్నది. అత్త తల ఊపింది, అంతే. తప్పును తనదని గొంతు చించుకుని చెప్పిన మనిషి, ఈ మెప్పు తనదని ఒక్క గుసగుస కూడా పలకలేదు. ఆ పూట నాకు మనిషినని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

బస్టాండుకు నడిచేటప్పుడు కొంగు ముడి విప్పి, నాకొక తాటి కలకండ ముక్క ఇచ్చింది. చెప్పాలనుకున్నాను. కలకండ చప్పరిస్తూ బస్సెక్కేశాను.

మూడోనాడు ఆసామి ఫోను చేశాడు. పని మాకే ఇస్తానన్నాడు, అరవంలోనే పంపాలి, ఆ అమ్మ మాత్రం రాయకూడదు అన్నాడు. నేను సరేనన్నాను. కొట్టు నిలబడింది. బజార్లో మాత్రం, మైకత్తకు గొంతుతో పాటు మాట కూడా పోయిందని చెప్పుకున్నారు. ఆ మాట ఆమె చెవిన పడకుండా ఉండదు, మా బజారు అంత పెద్దదేమీ కాదు. అయినా ఆమె స్టూలు దగ్గరికి రావడం మానలేదు. కరివేపాకు కొట్టుకీ, టైలరుకీ, ఇస్త్రీ ఆయనకీ రాసిస్తూనే ఉంది. ఒక్కటే మార్పు. అంతకుముందు నూట అరవై నిండుగా వాడుకునే మనిషి, ఇప్పుడు తానే ఇంగ్లీషు అక్షరాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ప్రతి కాగితం మూలన నూట యాభై తొమ్మిది అని వేసి ఇచ్చేది. ఒకటి మిగిలిందే అత్తా అంటే, "నీకు ఉండనీరా," అనేది. నేను దాన్ని ముసలితనం చాదస్తం అనుకున్నాను.

ఒక ఏడాది తర్వాత విరుదునగర్లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నోట్లో నువ్వుగింజ నానదంటారు. నా నోట్లో ఆ నువ్వులు మూడేళ్ళు నానాయి.

ఆమెకు బాగా లేదని తెలిసి చూడటానికి వెళ్ళాను. మేడ మీద గది. కింద వీధిలో మిరపకాయల గోడౌను. ఆ ఘాటుకు నాకు దగ్గు, ఆమెకు అలవాటైపోయింది. బాగా చిక్కిపోయింది. ఈసారి అరటిపళ్ళ గురించి మాట్లాడకూడదని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. కూర్చోగానే మొదలుపెట్టాను. ఆ రోజు నువ్వు మదురై వెళ్ళావు గదా అత్తా, అప్పుడు నేను కొట్టి చూస్తే ఒక అక్షరం ఎక్కువ వచ్చింది, నిన్ను అడుగుదామంటే నీ దగ్గర ఫోను లేదు, ఆసామి ఏమో తొందరపెడుతున్నాడు, అరవంలో అయితే ఆ మాటకు...

ఆమె ఎడమ అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని వింటోంది. అరవం దాకా వచ్చేసరికి ఆ చెయ్యి తీసి నా ముందు అడ్డంగా పెట్టింది. పెదాలు మాత్రమే కదిలాయి. నీళము అంటోంది.

నేను ఆగాను. ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పాను. "మంచి తీసి నల్ల పెట్టింది నేను. తప్పు నాది."

ఆమె దుప్పటి మీద వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. సరిపోయిందన్నట్టు తల ఊపింది. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"తెలుసురా, నల్లోడా."

నేను నల్లగానే ఉంటాను. మా ఊళ్ళో చిన్నప్పటి నుంచి నన్ను అలా పిలిచినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళందరూ తెలుగులోనే పిలిచారు. అత్త మాత్రం అన్నేళ్ళలో ఎప్పుడూ క్యాసెట్టు అనడమే గానీ ఆ మాట అని ఎరగదు. ఏ భాషలో అన్నావని అడగాలని నోటిదాకా వచ్చింది. అరవంలోనే అని ఉండాలని ఎంత కోరుకున్నానంటే, అడగడానికి ధైర్యం చాలలేదు.